ఎఫ్ 1.4 ఇంటూ 3

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఎండాకాలం మొదట్లో, నన్ను పొదిలి నుంచి మార్కాపురంలోని ఒక నీటి పరీక్షల ల్యాబ్‌కు సీనియర్ కెమిస్టుగా వేశారు. నాకు కొత్త చోటేమీ కాదు. ఉద్యోగంలో చేరిన తొలి ఆరేళ్లూ అక్కడే జూనియర్ కెమిస్టుగా చేశాను.

చేరిన వారానికే పై ఇంజనీరు గారు ఒక పని అప్పగించారు. ల్యాబ్‌లోని పాత రిజిస్టర్లన్నీ అప్పటికే ఎవరో టైపు చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎక్కించిన తీరు చూసి తల పట్టుకున్నాను. ఊరు, బోరు లోతు, నీటి రంగు, వాసన, ఫ్లోరైడ్ అన్నీ ఒకే గడిలో పొడుగ్గా, సంతలో మూటలు కుక్కిన ఆటోలాగా ఉన్నాయి. అందులోంచి ఫ్లోరైడ్ అంకె ఒక్కటే ఏరి ఊళ్ల పట్టీ చేయాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఊరికి ట్యాంకరు నీళ్లు వస్తాయి, అక్కడి చేతిపంపుకు ఎర్ర రంగు ఉంటుంది. దాటని ఊరికి ట్యాంకరు ఆపేసి, పంపుకు నీలం రంగు వేస్తారు.

వేల వరసలు కంటితో చదవడం అయ్యే పని కాదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనేదొకటి ఉంది. మనకు కావలసిన ముక్క ఏ రూపంలో ఉంటుందో గుర్తులతో రాసిస్తే, కంప్యూటర్ ఆ రూపం కనబడిన ప్రతిచోటా దాన్ని పట్టుకుని ఇస్తుంది. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ముందు ఫ్లోరైడ్‌కు గుర్తుగా రాసే ఎఫ్ అనే అక్షరం, తర్వాత ఖాళీ ఉన్నా లేకపోయినా సరే, ఆపైన అంకెలు, చుక్క, మళ్లీ అంకెలు. ఇదీ నేను రాసిన ప్యాటర్న్. టీ తాగి వచ్చేలోగా పట్టీ తయారైంది. మొదటి ముప్పై వరసలు రిజిస్టరుతో సరిచూస్తే ఒక్క తప్పు లేదు. అవన్నీ చెరువు కింది ఊళ్లని, అక్కడి నీళ్లు ఎప్పుడూ మంచివేనని అప్పుడు తట్టలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంత సాధించానని కళ్లు నెత్తికెక్కాయి. ఆ సాయంత్రమే పట్టీ పంపేశాను.

రెండు వారాలు దాటాక ఒకాయన కొమరోలు బస్సు దిగి, చేతిలో నీళ్ల సీసాతో ల్యాబ్‌కు వచ్చాడు. పేరు ఏసోబు. కొమరోలు అవతల ఒక పల్లెలో నీళ్ల మోటారు చూసుకుంటాడు. వాళ్లకు ట్యాంకరు ఆగిపోయిందని, పంపుకు నీలం రంగు పూసి పోయారని చెప్పాడు.

"మా బోరు మంచిదైపోయిందంట గదమ్మా! నీళ్లు మారినాయా, మీ కాగితం మారిందా?" అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. కంప్యూటర్ తీసిన లెక్క అది, నోటికొచ్చినట్లు మాట్లాడొద్దు అని కసిరాను. ఆయన గొంతు పెంచలేదు. సీసా బల్ల మీద పెట్టాడు.

"అట్లయితే ఇప్పుడే కొలవండమ్మా. కూచుంటా. మా మనవరాలికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాండాయి. వాటికన్నా గార పట్టకుండా చూడండి."

మాట్లాడేటప్పుడు ఆయన పళ్లు కనబడ్డాయి. అడ్డంగా గోధుమరంగు చారలు, ఫ్లోరైడ్ నీళ్లు చేసే పనే. పరీక్ష మొదలుపెట్టాను.

ఈ పరీక్షలో ఎర్రటి ద్రావణం కలుపుతాం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే రంగు అంత వెలిసిపోతుంది. ఆ సీసా నీళ్లకు రంగు మా కొలమానం దాటి వెలిసింది. అలాంటప్పుడు నమూనాకు డిస్టిల్డ్ వాటర్ కలిపి మూడింతలు పలుచన చేసి మళ్లీ కొలవాలి, వచ్చిన అంకెను మూడుతో గుణించాలి. పలుచన చేశాను, కొలిచాను, అలవాటుగా రిజిస్టరులో రాశాను: ఎఫ్ 1.4 ఇంటూ 3.

రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాత రిజిస్టర్లలోనూ ఇలాగే రాసి ఉంది. నా ప్యాటర్న్ 1.4 దగ్గర ఆగి, వెనకున్న మూడును వదిలేసింది. అంటే బాగా చెడ్డ నీళ్లే పట్టీలో మంచివిగా తేలతాయి! చెరువు కింది ఊళ్లకు పలుచన అవసరమే రాదు. గుణకారం అప్పటికప్పుడు చేయక, ఫెయిర్ కాపీలో చేసుకుందాంలే అని అలా వదిలిపెట్టే అలవాటు ఈ ల్యాబ్‌కు నేర్పింది ఎవరో కాదు, జూనియర్ కెమిస్టుగా ఉన్న నేనే.

"మారింది కాగితమే నాయనా, తప్పు నాది" అని ఏసోబుకు చెప్పాను. ఆయన తల ఊపి, సీసా అడిగి తీసుకుని బస్సుకు పోయాడు.

ప్యాటర్న్ మార్చాను. అంకె తర్వాత ఇంటూ గుర్తు గానీ, ఇంటూ అన్న మాట గానీ, రెట్లు అన్న మాట గానీ ఉంటే దాన్నీ పట్టుకుని గుణించమన్నాను. పదిహేడు ఊళ్లు నీలంలోంచి ఎరుపులోకి వచ్చాయి. టైపింగ్ పొరపాటని రాసిస్తే సరిపోతుందని ఇంజనీరు గారు మెల్లగా అన్నారు. ఒప్పుకోలేదు. నా పొరపాటని రాసి సంతకం పెట్టాను. ఏసోబు పల్లెకు ట్యాంకరు ఆగిన పందొమ్మిదో రోజు మళ్లీ వచ్చింది.

పంపుకు ఎర్ర రంగు వేసిన రోజు నేనూ వెళ్లాను. ఏసోబు భార్య మార్తమ్మ మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. మర్యాదకేమీ తక్కువ చేయలేదు. తర్వాత అడిగింది:

"ఊరి పేరు మళ్లా ఎక్కిచ్చినారు, సంతోషం తల్లీ. ఇన్నాళ్లు పాప తాగినయ్యి ఎట్ల తీస్తారు?"

తీయలేమమ్మా అన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. ప్యాటర్న్ ఏరిన అంకెలను పంపే ముందు, అది ఏరకుండా వదిలేసిన ముక్కలను కాగితం మీద అచ్చు వేయించి, మొదటి నుంచి చివరిదాకా చదివేదాన్ని. దానివల్ల ప్రతి పట్టీ రెండు మూడు రోజులు ఆలస్యమయ్యేది. పైవాళ్లు కసురుకునేవాళ్లు. కసురుకోనిచ్చాను.