బావగారి యాంప్లిఫయరు

మా చెల్లెలి భర్త, అంటే మా బావగారు, నన్ను దొంగ అని ఇరవై రెండేళ్ళయింది. సరిగ్గా ఆ మాట వాడలేదు. మా కోనసీమ మనుషులు తిట్టినా అండీ తగిలించి తిడతారు. అమలాపురంలో నా రేడియో రిపేరు షాపు ముందు నిలబడి, నలుగురూ వింటూ ఉండగా, "అసలు సామాను తీసేసి మీరు దాచేసుకున్నారండి బావగారూ, నాకు డొల్ల ఇచ్చేరు" అన్నారు. పక్క టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి మరీ విన్నాడు.

ఆ డొల్ల ఒక గిటార్ యాంప్లిఫయరు. బావగారు వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవారు. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ రాజోలు నుంచి సముద్రం దాకా ఆయన లేని ప్రోగ్రాం ఉండేది కాదు. ఆ యాంపు విశాఖపట్నంలో కొన్నారు. ఏదో పరాయి దేశపు ఓడ మీద వచ్చిన మనిషి అమ్ముకుని పోయినదట. నల్లటి తోలు, ముందు బంగారు రంగు గుడ్డ, వెనక పలక విప్పితే గాజు వాల్వులు. స్విచ్ వేసిన వెంటనే పలకదు. వాల్వులు మెల్లగా ఎర్రబడాలి, లోపలి దుమ్ము వేడెక్కి ఒకలాంటి వాసన రావాలి, అప్పుడు పలుకుతుంది. ఆ అర నిమిషం మేమిద్దరం దాని ముందు గొంతుక్కూర్చుని చూస్తుండేవాళ్ళం. ఈ కాలం వాళ్ళకి అరనిమిషం ఆగమంటే ఫోను తీస్తారు.

దాని శబ్దం గురించి చెప్పాలి, లేకపోతే మిగిలినదంతా పిచ్చిగోల అనిపిస్తుంది. మెల్లగా మీటితే మామూలుగానే ఉండేది. కాస్త గట్టిగా మీటితే, స్వరం చిరిగిపోవడానికి ముందు ఒకచోట ఆగేది. ఏడుపు ఆపుకుని మాట్లాడే మనిషి గొంతులా నిండుగా, కొంచెం బొంగురుగా ఉండేది. ఆ ఒక్క స్వరం సాగుతుంటే పందిట్లో కబుర్లు ఆగిపోయేవి. నేను మెకానిక్కుని, పాటలంటే పెద్ద పట్టింపు లేనివాణ్ణి. నాకే ఒళ్ళు జలదరించేది.

అయితే దానికో చాదస్తం ఉంది. అమలాపురంలోనో రాజమండ్రిలోనో ప్రోగ్రాం అయితే ఆ గొంతు పలికేది కాదు. పొడిగా, గీసినట్టుగా ఉండేది. సముద్రం వైపు పల్లెల్లోకి వెళితే మాత్రం మొదటి పాటకే అందుకునేది. బావగారు దానికి కారణం కూడా కనిపెట్టారు. "జనాన్ని బట్టి పలుకుతుందండి. టౌను జనం చేతులు కట్టుకు కూచుంటారు, దానికి తెలిసిపోద్ది" అనేవారు. డ్రమ్ములాయన "ఆయ్" అనేవాడు. నేనూ ఆయ్ అనేవాణ్ణి, అవునండి అని. కరెంటు పని చేసుకు బతికేవాణ్ణి, ఆ మాట నమ్మినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపంగా ఉంది.

ఒక వానాకాలం ప్రోగ్రాంకి పోతూ పంటు మీద గోదావరి దాటుతుంటే, కప్పిన పట్టా గాలికి లేచిపోయి యాంపు నిలువునా తడిసింది. నా దగ్గరికి తెచ్చారు. నెల రోజులు కూర్చున్నాను. రెండు కండెన్సర్లు ఉబ్బిపోయాయి, ఒక వాల్వు పోయింది. అవి మార్చాను. తీసిన పాత సామాను కాగితంలో పొట్లం కట్టి యాంపు వెనకాలే పెట్టి ఇచ్చాను, మాట రాకూడదని. మాట రానే వచ్చింది. పల్లెల్లో వరసగా నాలుగు ప్రోగ్రాములు చేశారు, ఒక్కచోటా ఆ గొంతు పలకలేదు. పొట్లం చూపిస్తే, ఇవి మా యాంపువి కావు పొమ్మన్నారు.

ఆ తరవాత మా ఇంటికి రాలేదు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చారు, అక్షింతలు వేశారు, రెండో బంతిలో కూర్చుని భోంచేసి, ఎవరో దూరపు చుట్టాల్లా చెప్పకుండా వెళ్ళిపోయారు. మా చెల్లెలు అమలాపురం వస్తే నా షాపుకి ఎదురుగానే బస్సు కోసం నిలబడేది. రోడ్డు దాటి వచ్చేది కాదు. నేనూ పిలిచేవాణ్ణి కాదు. స్క్రూడ్రైవరు పట్టుకుని తల దించుకునేవాణ్ణి. బస్సు వెళ్ళిపోయాక చూసేవాణ్ణి.

ఇంకో సంగతి ఉంది, మా ఆవిడకి కూడా చెప్పలేదు. నేనేం తియ్యలేదని నాకు తెలుసు. కానీ ఏదో చెడగొట్టానేమోనని లోపల ఒక పురుగు దొలుస్తూనే ఉండేది. వేసిన కండెన్సరు సరైనదేనా? టంకం ఎక్కడైనా కాల్చేశానా? ఆ తరవాత ఏ సెట్టు విప్పినా, మూసేముందు రెండుసార్లు చూసుకునే అలవాటు పట్టుకుంది. చేతికి నమ్మకం పోయిన మెకానిక్కు బతుకు ఎలా ఉంటుందో నన్ను అడగండి.

బావగారు కూడా నాలుగైదేళ్ళకి వాయించడం మానేశారు. అసలు ఆర్కెస్ట్రాలే పోయాయి. ఒక కీబోర్డు, ఒక పెన్‌డ్రైవు ఉంటే పెళ్ళి గడిచిపోతోంది. కానీ ఆయన ఆ మాట ఒప్పుకునేవారు కాదని తెలిసింది. ఎవరైనా అడిగితే, "యాంపు పాడు చేసేసేరండి, లేపోతే నేను ఆపేవాణ్ణా" అనేవారట. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ పెద్దవాళ్ళు, ఏమండీ మీ గిటార్ గొంతు మళ్ళీ ఎవరికీ రాలేదండీ అంటారు. ఆయన తల ఊపి, నా సంగతి ఇంకోసారి చెప్పేవారు.

పోయిన వేసవిలో ఆయన అల్లుడు కువైట్ నుంచి వస్తూ ఒక కొత్త యాంపు తెచ్చాడు. కొత్తది అనడానికి లేదు. ఆ పాత మోడల్నే ఆ కంపెనీ మళ్ళీ చేసి అమ్ముతోంది. అదే తోలు, అదే బంగారు గుడ్డ, అవే బొత్తాలు. మూలలు కాస్త అరిగినట్టు కూడా చేసి ఇస్తున్నారు. గుడ్డకి సిగరెట్ పొగ పట్టినట్టు పసుపు రంగు వేస్తున్నారు. మనుషులు వయసు దాచుకోవడానికి తలకి రంగేసుకుంటుంటే, వీళ్ళు పెట్టెకి వయసు పూస్తున్నారు. నవ్వుకున్నాను గానీ, చూడగానే నా కాళ్ళు దాని ముందు గొంతుక్కూర్చున్న మాట నిజం.

అది నా షాపుకి రావడానికి కారణం గరగర. కొన్న వారానికే గరగరలాడటం మొదలెట్టిందట. వాల్వుల పని తెలిసినవాడు చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలాను. అల్లుడు మొహమాటపడుతూ నేల మీద పెట్టి, "అత్తయ్యగారు మీ దగ్గరికే తీసుకెళ్ళమన్నారండి" అన్నాడు. తరవాత, మామూలు మాటలా, "మావయ్యగారు ఇందులో కూడా ఆ సౌండు లేదంటున్నారండి" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ పెట్టె మీద నా చెయ్యి పడలేదు కదా. ఇందులో లేకపోవడం కూడా నేను చేసిందేనా?

గరగర పది నిమిషాల పని. ఒక వాల్వు సాకెట్టు వదులైంది, బిగించాను. అదే మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటాఫీసు వాళ్ళు వచ్చి పక్క వీధి నుంచి లైను లాగి ఇచ్చిపోయారు. రెండు వీధుల ఇళ్ళూ ఒకే లైను మీద పడేసరికి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేలా తిరుగుతోంది. మీటరు పెట్టి చూస్తే రెండొందల ముప్ఫై ఉండవలసిన చోట నూట డెబ్బై ఉంది. చెమట తుడుచుకుంటూ, బిగించింది సరిగా ఉందో లేదోనని రిపేరుకొచ్చి షాపులో పడి ఉన్న ఒక గిటార్ తగిలించి ఒక తీగ మీటాను.

ఆ గొంతే. పూర్తిగా కాదు, సగం. నా మొరటు చేతికి సగమే వచ్చింది. కానీ ఆ గొంతే.

మీటరు మళ్ళీ చూశాను, నూట డెబ్బై. లైను చివర ఉండే సముద్రపు పల్లెలు గుర్తొచ్చాయి. ట్యూబులైట్లు వెలగక కొట్టుకునే ఊళ్ళు, పందిట్లో ఫ్యాన్లు ఉసూరుమనే ఊళ్ళు. ఆ జనమూ కాదు, సముద్రపు గాలీ కాదు. కరెంటు చాలక వాల్వులు నీరసపడి అలా పలికేవి. నేను యాంపు బాగుచేసిన ఏడే ఆ వైపు ఊళ్ళకి కొత్త సబ్‌స్టేషన్ పెట్టారు. కరెంటు బాగుపడింది, గొంతు పోయింది. నేను కండెన్సర్ల దగ్గర వెతుక్కుంటూ ఇరవై రెండేళ్ళు గడిపాను.

వెంటనే వెళ్ళి చెప్పాలనిపించింది. ఆనందం కంటే కసి ఎక్కువ అందులో. నా పేరు కడుక్కోవాలి, ఆయన నోటితోనే అనిపించాలి, అంతే. రెండు రోజుల తరవాత అల్లుడు కారులో వస్తే, కొత్త యాంపుతో పాటు నా వేరియాక్ కూడా ఎక్కించాను. చక్రం తిప్పితే వోల్టేజి తగ్గే, పెరిగే బరువైన పెట్టె అది. మామిడికుదురు దాటి వాళ్ళ ఊరు చేరేసరికి పదకొండయింది. నన్నూ సామాన్నీ దింపి అల్లుడు పని మీద వెళ్ళాడు.

బావగారు ముందుగదిలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. "రండి బావగారూ" అన్నారు, ఇరవై రెండేళ్ళు మధ్యలో లేనట్టే. నేను కబుర్లు పెట్టుకోలేదు. మూలనున్న పాత యాంపు మీది దుప్పటి తీసి, వేరియాక్‌కి తగిలించాను. అది అసలు వెలుగుతుందో లేదోననుకుంటూ స్విచ్ వేశాను. వెలిగింది.

ముందు పూర్తి కరెంటు ఇచ్చి వాయించమన్నాను. ఒక ముక్క వాయించారు. పొడిగా ఉంది. "ఇదేకదండీ మీ రిపేరు" అన్నారు. నేను చక్రం వెనక్కి తిప్పాను. నూట డెబ్బై దగ్గర ఆపి, మళ్ళీ అదే వాయించమన్నాను.

నాలుగో స్వరానికే అందుకుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా చెల్లెలు చెయ్యి పైటకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. బావగారి కళ్ళు మూసుకుపోయాయి. పాట మొత్తం వాయించారు, అదవగానే ఇంకొకటి. నా కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

అప్పుడు చెప్పాను. కరెంటు సంగతి, సబ్‌స్టేషన్ సంగతి, కొత్త యాంపు సంగతి. కోర్టులో చెప్పినట్టు ఒకదాని తరవాత ఒకటి చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"అయితే మీరేం తియ్యలేదన్నమాట."

"లేదండి."

"ఆయ్" అన్నారు. అదే క్షమాపణ. నేను ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క అక్షరం కోసమని అప్పుడు తెలిసింది. తీరా వచ్చాక దాన్నేం చేసుకోవాలో తెలియలేదు.

ఆయన గిటార్ తీగల మీద అరచెయ్యి వేసి, "అంటే అప్పట్లో జనం నోళ్ళు తెరుచుకుని విన్నది కరెంటు చాలకపోవడం వల్లన్నమాట" అన్నారు.

"చెయ్యి మీదే కదండీ బావగారూ. షాపులో నేను మీటితే సగం కూడా రాలేదు."

"ఊరుకోండి. మీరు గిటార్ వాయించేవారేటండీ" అని నవ్వారు. "ఏదీ, మళ్ళీ పూర్తిగా పెట్టండి."

నేను చక్రం ముందుకి తిప్పాను. ఆయన మొదటి పాటే మళ్ళీ ఎత్తుకున్నారు. ఇప్పుడు ఒక్కో స్వరం విడివిడిగా వినపడుతోంది. ఎక్కడ వేలు తడబడుతోందో, ఎక్కడ తాళం అర అంగుళం జారుతోందో, అంతా. ఆ బొంగురు గొంతు కప్పిపెట్టినవన్నీ బయటపడ్డాయి. ఆయన మధ్యలో ఆపలేదు, చివరిదాకా వాయించారు. చాలా శ్రద్ధగా విన్నారు, ఎవరో కొత్తవాడు వాయిస్తుంటే విన్నట్టు.

"ఇదండి నా చెయ్యి" అన్నారు.

వయసు మీద పడింది కదండీ, వాయించి ఎన్నేళ్ళయింది, అని ఏవేవో అన్నాను. నన్ను దొంగన్న మనిషిని నేనే బతిమాలుతున్నాను. ఆయన స్విచ్ ఆపేసి, గిటార్ గోడకి ఆనించి, "కాసేపు నడుం వాలుస్తానండి, భోంచేసి గానీ వెళ్ళకండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను భోంచెయ్యలేదు. ఆకలి లేదు. అల్లుడు కారు తెచ్చాక వేరియాక్ ఎత్తుకుని గేటు దాకా వచ్చాను. మా చెల్లెలు వెనకాలే వచ్చింది. ఇన్నేళ్ళకి పక్కన నిలబడింది. తల సగం నెరిసింది, నేను దూరం నుంచి చూసి గమనించలేదు.

"నిజం చెబుదామనే వచ్చేనమ్మాయ్" అన్నాను.

"నువ్వు తియ్యలేదని నాకు ఆ రోజే తెలుసు" అంది.

ఆ మాటకి నాకు కోపం రావాలి. తెలిసి రోడ్డు అవతల నిలబడ్డావా అని అడగాలి. అడిగే ఓపిక లేదు. అది ఒకసారి ఇంటి వైపు చూసి, కారులో ఉన్న అల్లుడికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఇన్నేళ్ళు మోసేవు కదా అన్నయ్యా. ఆయన ఉన్నన్నాళ్ళూ మొయ్యలేపోయేవా?"