గడియారం మామ టైమింగ్ చెయిన్

ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉండేది. ఇప్పుడు నమ్మకం కాస్త కుదిరింది, భయం పోయింది. ఈ తారుమారుకు కారణం ఏ శ్మశానమో కాదు, ఒక పాత కారు ఇంజన్. గుడియాత్తంలో మాది లుంగీలు నేసే ఇల్లు. మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళాడించడం నాకు చేతకాదని నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి మా నాయనకు అర్థమైంది. (నాకు పన్నెండేళ్ళకే అర్థమైంది గానీ చెప్పే ధైర్యం లేకపోయింది.) నా చోట తమ్ముడు కూర్చున్నాడు. తెల్లవారుజామున రోగులను వేలూరు ఆసుపత్రికి కారులో తీసుకుపోయి, సాయంత్రం ఇళ్ళకు చేర్చే పని పెట్టుకుంటానని చెప్పి నేను బయటపడ్డాను.

ఆ కారు గడియారం మామది. ఆయనకు బజారులో సరుకుల అంగడి ఉండేది. తెల్లవారి ఐదున్నరకు కారు తీసి వేలూరు మార్కెట్టుకు బయలుదేరడంలో ఏనాడూ నిమిషం తేడా రానివ్వలేదు కనుక ఆ పేరు. మనిషి పొట్టి, పైగా ఎడమచేతివాటం. ఎడమచేత్తో పొట్లం ఇస్తే కొనేవాళ్ళు మొహం చిట్లిస్తారని అంగట్లో మాత్రం కుడిచెయ్యి వాడేవాడు, మిగతా ప్రపంచాన్నంతా ఎడమచేత్తోనే నడిపేవాడు. కారెక్కేముందు ఉంగరంతో బానెట్ మీద మూడుసార్లు కొడితే, లోపలున్న అత్తకు కాఫీ తెమ్మని కబురు. ఆయన పోయాక కారు ఏడాదిపాటు ఇంటి పక్క రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. చివరికి అత్త దాన్ని నాకిచ్చింది. మా నేతవీధిలో కారు మలుపుకునే చోటు లేదని తెలిసి, రాత్రిళ్ళు ఆ షెడ్డులోనే పెట్టుకోమంది.

ఇంజన్ పూర్తిగా విప్పి కట్టాలన్నారు. వేలూరు పక్కన సత్తువాచారిలో ఒక మేస్త్రి ఉండేవాడు. ఏ ఇంజన్ విప్పాలన్నా ముందు ఊదుబత్తి వెలిగించేవాడు కనుక అందరికీ ఆయన ఊదుబత్తి మేస్త్రి. పిస్టన్లూ రింగులూ అయ్యాక ముందువైపు మూత తీసి, వదులుగా వేలాడుతున్న చెయిన్ను వేలితో ఎత్తి చూపించాడు.

"కింద క్రాంకునీ, పైన వాల్వులు తెరిచే షాఫ్టునీ కలిపి తిప్పే చెయినప్పా ఇది. సాగిపోయుండాది. ఇదొకటే మారిస్తే చాలదు. పళ్ళ చక్రాలు రెండూ, పక్కన ఆనించే గైడ్లు, బిగువుగా నొక్కిపెట్టే టెన్షనరు, అన్నీ సెట్టుగా మార్చాల."

ఇక్కడే నాలోని నేతవాడు నిద్ర లేచాడు. మా ఇళ్ళలో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగును మొత్తంగా తీసెయ్యరు. పోగులు దూరే అచ్చులో జానెడు పాత నూలు వదిలి, దాని ఒక్కొక్క పోగుకూ కొత్త పోగును అతుకుతారు. అచ్చును పూర్తిగా ఖాళీ చేస్తే దీపం ఆర్పిన ఇల్లే అంటుంది మా అమ్మ. మగ్గం నేయడం రాలేదు గానీ ఈ నీతి మాత్రం బాగా వంటబట్టింది నాకు.

"పాతదానికి కొత్తది అతకాల గానీ, అన్నీ పెరికేస్తే ఎట్లా మేస్త్రీ? మా అమ్మ ఒప్పుకోదు."

"మీ అమ్మ ఇంజన్ కడతాదా?"

"మగ్గం నేస్తాది."

"మీ మగ్గం నిమిషానికి మూడువేల సార్లు తిరగతాదా అప్పా?"

అయినా నేను పట్టు విడవలేదు. చివరికి చెయిన్ ఒక్కటే కొత్తది పడింది. చక్రాలూ గైడ్లూ టెన్షనరూ మామ నాటివే మిగిలాయి. మేస్త్రి ఇంకో రెండు ఊదుబత్తులు వెలిగించాడు. అవి ఇంజన్ కోసం కాదు, నా కోసమేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

మొదటి రోజు తెల్లవారి ఐదున్నరకు, ఇంకా చీకటి విడవకముందే, షెడ్డులో కూర్చుని తాళం తిప్పాను. బానెట్ కింద నుంచి టక్ టక్ టక్ అని వినిపించింది. ఎవరో వేలితో కొట్టినట్టే. మరుక్షణం ఆ చప్పుడు ఆగిపోయి ఇంజన్ మామూలుగా నడిచింది. వెనక తలుపు తెరుచుకుంది. అత్త రెండు గ్లాసుల కాఫీతో వచ్చి, ఒకటి నా చేతికిచ్చి, రెండోది బానెట్ మీద పెట్టింది.

"ఆయన వచ్చినాడు నాయనా," అంది, పాలవాడు వచ్చినాడన్నంత మామూలుగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాఫీ ఎటు పోయిందో తెలియదు, నాలుక కాలింది మాత్రం గుర్తుంది. వీధి దాటాక వెనక చూసే అద్దంలోకి చూస్తే నా మొహం లేదు. నా చొక్కా గుండీలు కనబడుతున్నాయి. అద్దం ఎవరో పొట్టి మనిషి కోసం కిందికి వంచి ఉంది. సరిచేశాను. మర్నాడు తెల్లవారి మళ్ళీ వంగే ఉంది. మళ్ళీ అదే చప్పుడు, మళ్ళీ రెండు గ్లాసులు.

తిరువలం గుడికి పోయి అర్చన చేయించాను. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాను. లాభం లేకపోయింది. ఇక మామతో సర్దుకుపోవడమే మంచిదనిపించి, ముందు సీటు ఖాళీగా వదలడం మొదలుపెట్టాను. ఒకరోజు వెనక ముగ్గురి మధ్య ఇరుక్కున్న మోకాళ్ళ నొప్పుల తాత అడిగాడు.

"ముందర సీటు ఖాళీగానే ఉండాదే నాయనా?"

"అది వేరేవాళ్ళకు తాతా."

"వాళ్ళు యాడ ఎక్కతారు?"

"ఎక్కేసినారు."

సాయంత్రం ఆ తాత బస్సులో వెళ్ళిపోయాడని తెలిసింది.

రోజులు గడిచేకొద్దీ చప్పుడు పెరిగింది. మూడు దెబ్బలు పదయ్యాయి, ఇరవయ్యాయి. మామకు నా మీద కోపం వచ్చిందనుకుని మేస్త్రి దగ్గరకు పరిగెత్తాను. రాత్రి కారును అక్కడే వదలమన్నాడు. తెల్లవారి ఆయనే తాళం తిప్పితే సత్తువాచారిలోనూ అదే చప్పుడు. మామ ఇంత దూరం వచ్చేశాడని నేను రెండడుగులు వెనక్కి వేస్తే, మేస్త్రి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దయ్యమూ లేదు, ఏమీ లేదప్పా. రాత్రంతా నిలబడితే టెన్షనర్లో ఆయిల్ దిగిపోతాది. మళ్ళా ఎక్కేదాకా చెయిన్ వదులై అరిగిన గైడును కొడతాది. ఇట్లే తోలితే ఒకనాడు చెయిన్ పన్ను దాటతాది, వాల్వులు పోయి పిస్టన్లను గుద్దతాయి. ఇంజన్ గోవిందా. అన్నీ మార్చు."

సంతోషంతో గుడియాత్తం వచ్చాను. అత్త ఇంటి ముందు కారు ఆపేసరికి ఆ సంతోషం ఎటో పోయింది. ఈమెకు ఎలా చెప్పాలి? మామ పోయినప్పటి నుంచి వంగిపోయిన మనిషి, ఈ నెల రోజులుగా తెల్లవారి తల దువ్వుకుని, నుదుట విభూతి పెట్టుకుని, గ్లాసులు తోమి పెట్టుకుంటోంది. అయినా చెప్పాను.

"మార్చకుంటే ఏమైతాది నాయనా?"

"ఇంజన్ పోతాది అత్తా. నేను మళ్ళా మగ్గం గుంటలోకే."

అత్త షెడ్డు వైపు ఒకసారి చూసింది. "అయితే మార్పించుకో. పాతవి పారేయొద్దు, నాకు తెచ్చియ్యి," అంది.

పాత గైడును పేపర్లో చుట్టి తెచ్చిచ్చాను. ఆనపకాయ ముక్కంత ప్లాస్టిక్, దాని మీద చెయిన్ రాసుకుని పడిన రెండు గాడులు. ఆమె వాటి మీద వేలు నడిపింది.

"ఇంతేనా? ఈ ముక్కేనా నన్ను పిలిచింది?" అని నవ్వింది. "నాకు తెలవదా నాయనా, అది ఇంజన్ చప్పుడని? ఆయన ఉన్నప్పుడే మొదలైనాది. బాగుచేయించమని పోరి పోరి నా నోరు నొచ్చె. ఆయనా వినలేదు, నువ్వూ వినలేదు."

"మరి ఆయన వచ్చినాడంటివే అత్తా?"

"తెలిసినంత మాత్రాన వినపడకుండా పోతాదా?"

అద్దం సంగతి కూడా అడిగాను. రోజూ దీపాలవేళ కాసేపు కారులో ఆయన సీట్లో కూర్చుని, అద్దం తన ఎత్తుకు వంచుకుంటుందట. ఆమె మామకంటే పొట్టి. నేను నెలరోజులు భయపడిందీ, నిమ్మకాయలు తొక్కించిందీ అత్తకన్నమాట.

మర్నాడు తెల్లవారి తాళం తిప్పగానే ఇంజన్ మెత్తగా అందుకుంది. ఏ చప్పుడూ లేదు. నేను కోరుకున్నదే అది, కానీ ఆ నిశ్శబ్దం నాకు చప్పుడుకంటే ఎక్కువ భయం పుట్టించింది. తలుపు తెరుచుకోలేదు. లోపల దీపం మాత్రం వెలుగుతోంది. ఏం చేయాలో తోచక ఇంజన్ ఆపి, దిగి, బానెట్ మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను.

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఆయనది ఎడమచెయ్యి నాయనా."

ఎడమచేత్తో కొట్టాను. రెండు గ్లాసులూ వచ్చాయి. ఆరోజు మొదటిసారి రెండూ నేనే తాగాను.

అత్త పోయి కూడా చాలాకాలమైంది. నా తల నెరిసింది, కారు మారింది, కొత్తదాంట్లో చెయిన్ చప్పుడు లేదు. అయినా ఐదున్నరకు ఎక్కేముందు చెయ్యి తనంతట తానే బానెట్ మీదికి పోతుంది. "ఎవరిని లేపతా ఉండావు?" అంటుంది నా భార్య. నేను ఎడమచేత్తో ముందు సీటు వైపు తలుపు తెరిచి, దుమ్ము దులిపి, మామ ఎక్కేందుకు ఒక్క నిమిషం ఆగి మూస్తాను.