హస్తవాసి ఉన్న మిషను

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు నాకు జీవితంలో ఒక్కచోటే పనికొచ్చింది. తెనాలిలో ఒక సర్జికల్ షాపు వెనక, సిమెంటు తొట్టి దగ్గర. బ్లీచింగు పౌడరు నీళ్లలో కలపడానికి డిగ్రీ ఎందుకురా అని మా నాన్న అడిగేవాడు. నిజమే, అక్కర్లేదు. కాకపోతే డిగ్రీ ఉంటే ఆ తొట్టి ముందు కూర్చున్నప్పుడు ఇంకాస్త ఎక్కువ నీరసం వస్తుంది.

రెండువేలు దాటిన కొత్తల్లో మాట. ఇంట్లోనే బీపీ చూసుకోవడం, వేలు గుచ్చుకుని షుగరు చూసుకోవడం, ఆయాసానికి మిషను పెట్టుకోవడం అప్పుడప్పుడే మా వైపు అలవాటవుతున్నాయి. సొంతంగా మిషను కొనడానికి మాత్రం ఎవరికీ మనసొప్పేది కాదు. కొంటే రోగం ఇంట్లో స్థిరపడుతుందని భయం. అందుకని మా షాపు అద్దెకిచ్చేది. ఒక ఇంటినుంచి తిరిగొచ్చిన మిషను ఇంకో ఇల్లు చేరేలోగా దాన్ని తుడిచి, కడిగి, ఆరబెట్టి, పాత రోగి జాడ లేకుండా చెయ్యడం నా ఉద్యోగం. నా పెళ్ళిచూపుల్లో దీన్ని 'మెడికల్ లైను' అన్నారు. తప్పేమీ కాదు.

ఆ పనిలో తెలివి చూపించుకునే అవకాశం ఎక్కడా ఉండదు. బీపీ మిషను పట్టీకి చెమటా కొబ్బరినూనే కలిసిన వాసన. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, తర్వాత మందునీళ్లతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. షుగరు మిషను మీద ఎక్కడో ఒకచోట ఆవగింజంత రక్తపు మరక ఉండితీరుతుంది. అది కనబడేదాకా తిప్పుతూ ఉండాలి. ముందు మురికి పోవాలి, తర్వాతే మందు. మురికి మీదే మందు పోస్తే మురికి ఆరోగ్యంగా ఉంటుంది, మనిషికి ఒరిగేదేమీ ఉండదు. ఇవన్నీ చేస్తుంటే మా ఓనరు వెనకనుంచి వచ్చి, "ఏంటయ్యా, మిషను కడుగుతున్నావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?" అనేవాడు. కౌంటరు దగ్గర జనం ఆగి ఉన్నారని దాని అర్థం.

మిషన్లు రెండు రకాలుగా తిరిగొచ్చేవి. మనిషి పోయిన ఇంటినుంచి వచ్చేవి స్నానం చేసి వచ్చేవి. మైల కదా, పసుపునీళ్లు చల్లేవాళ్లు. కొందరు భక్తి ఎక్కువై బకెట్లోనే ముంచేవాళ్లు. బీపీ మిషను అద్దం వెనక పచ్చటి నీళ్లు అటూ ఇటూ కదులుతుంటే, మనిషితోపాటు అదీ పోయిందని తెలిసేది. మనిషి కోలుకున్న ఇంటినుంచి వచ్చేవి మాత్రం బొట్టు పెట్టించుకుని, దారం కట్టించుకుని, పేరంటానికి వెళ్లొచ్చినట్టు వచ్చేవి. పుట్టెడు దుఃఖమైనా పట్టరాని సంతోషమైనా చివరికి నా తొట్టి దగ్గరకే చేరేది.

నేను చెప్పబోయేది పేరంటానికి వెళ్లొచ్చిన మిషను గురించి.

అది నెబ్యులైజరు, అంటే మందును పొగలా చేసి ముక్కుకీ నోటికీ అందించే ఆవిరి మిషను. డబ్బా ఒకటి, మందు పోసే చిన్న గిన్నె ఒకటి, గొట్టం ఒకటి, మూతికి పెట్టుకునే మాస్కు ఒకటి. డబ్బా ఎంతమందికైనా తిరుగుతుంది. మిగతా మూడూ ఎవరివి వాళ్లవే. బాపట్లలో వ్యవసాయ కాలేజీ వెనక వీధిలో ఒక పెద్దాయనకు ఇచ్చాం. ఆయన పరిస్థితి చూసి బంధువులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్లారు. చివరిచూపులన్నీ అయిపోయాక ఆయన లేచి కూర్చుని కాఫీ అడిగాడు. మిషను వెనక్కి తెచ్చుకోవడానికి నేను రైల్లో వెళ్లేసరికి వరండాలో పేపరు చదువుతున్నాడు.

ఆయన కోడలు మిషనును పళ్లెంలో పెట్టి తెచ్చింది. డబ్బాకు నీళ్లతో తడిపిన కుంకుమ బొట్టు, పిడికి ఎర్రదారం.

"అన్నయ్యగారూ, మా మావయ్యగారిని నిలబెట్టింది ఇదేనండి. దీన్ని కడగమాకండి."

"కడక్కుండా ఎట్లాగమ్మా?"

"ఏమోనండి, దాని హస్తవాసి అటువంటిది. కడిగితే పోద్దేమో."

హస్తవాసి మనుషులకు ఉంటుందని విన్నాను. ఫలానా డాక్టరు చెయ్యి మంచిదంటారు, ఫలానా ఆయన ముట్టుకుంటే లేచేవాడు కూడా లేవడంటారు. చెయ్యే లేని ప్లాస్టిక్ డబ్బాకు హస్తవాసి రావడం అదే మొదటిసారి. వచ్చేటప్పుడు ఆమె గుమ్మం దాటి వచ్చి గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. డాక్టరు కళ్లె పరీక్ష చేయించారట, ఆరు నెలల మందులు రాశారట. "ఎవరికీ అనొద్దండి. మా ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నాం." ఆరు నెలల మందులంటే ఏ జబ్బుకో మా వైపు ఎవరూ పేరు పెట్టి చెప్పరు. చెప్పాల్సిన అవసరం రాదు.

నేను తలూపాను. తలూపడం నా ఉద్యోగంలో రెండో భాగం.

షాపుకొచ్చి మొదట చేసిన పని, ఆ మాస్కునూ గొట్టాన్నీ గిన్నెనూ బ్లీచింగు నీళ్లలో ముంచి ఉంచి, తర్వాత ముక్కలుగా కత్తిరించి పారెయ్యడం. కత్తిరించకపోతే ఎవరో ఒకరికి పొదుపు గుర్తొస్తుంది. దారం కోసేశాను. లోపలి ఫిల్టరు మార్చాను. డబ్బాను సబ్బుగుడ్డతో, తర్వాత స్పిరిట్టుతో తుడిచాను. అంతా తెల్లబడింది, బొట్టు తప్ప. స్పిరిట్టు తగిలేసరికి అది పిడి కిందికి పాకి, గులాబీ రంగు మచ్చై కూర్చుంది. ఎంత రుద్దినా నవ్వుతూ ఉంది. నా పనితనానికి అది మచ్చే, రెండు రకాలుగానూ. విసుగొచ్చి వదిలేశాను. మచ్చ వల్ల ఎవరికీ జబ్బు రాదు.

అది ఆరకముందే రేపల్లె నుంచి ఒక దర్జీ సాయిబు వచ్చాడు. వాళ్ల అమ్మకు ఉబ్బసం. రెండు రోజులుగా పడుకోలేక గోడకానుకునే ఉందిట. బాపట్లలో కాలేజీ వెనక వీధిలోనే అతని చెల్లెల్ని ఇచ్చారు. పెద్దాయన లేచి కూర్చున్న సంగతి నాకంటే ముందే రేపల్లె చేరింది.

"అన్నా, బాపట్ల మిషనే కావాలండి. మాస్కుతో సహా."

"మాస్కు కొత్తదిస్తాను భాయ్."

"కొత్తది నాకెందుకన్నా? అది ఇంకా ఎవర్నీ బతికించలేదు కదా."

"ఆ లెక్కన ఏ కొత్త డాక్టరుకీ పని దొరకదు."

"దొరకదు కదండీ మరి? మా వీధిలో ఒకాయన బోర్డు పెట్టి కూర్చున్నాడు, ఈగలు తోలుకుంటున్నాడు."

మాట గెలవలేకపోయాను. మాస్కు ఎందుకివ్వకూడదో చెబితే చాలు, అతను ఇంకోమాట అనడు. కానీ అది చెబితే బాపట్లలో ఒక పెళ్ళి ఆగుతుంది. చెల్లెలు అదే వీధిలో ఉందాయె. ఒకపక్క ఒక ఆడపిల్ల సంబంధం, ఇంకోపక్క ఒక ముసలమ్మ ఊపిరి. మధ్యలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ.

"పాత మాస్కు పాడైపోయింది భాయ్. పెట్టె మాత్రం అదే," అన్నాను. అతను మిషనును పైకీ కిందికీ చూశాడు. మరీ తెల్లగా ఉంది.

"అన్నా, మీరూ వచ్చి అమ్మీకి పెట్టి చూపించండి. నా మాట వినదు."

పాసింజరు ఎక్కాం. రేపల్లె రైలు తొందరలేని మనిషికి బాగుంటుంది. మాకు తొందరుంది. ప్రతి స్టేషనులోనూ అది కులాసాగా ఆగుతుంటే, అతను కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజను వైపు చూసేవాడు. దారిలో అతను చెప్పింది ఒకటే మాట. అమ్మీ ఆస్పత్రికి రానంటోందట. వాళ్ల నాన్న ఆస్పత్రికి వెళ్లే తిరిగి రాలేదట. ఈ మిషను మీదే ఆశపెట్టుకుని కూర్చుందట.

ఇంట్లో కుట్టుమిషను పక్కన, గోడకు దిండు వేసుకుని ఆమె కూర్చుని ఉంది. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఈలలాంటి చప్పుడు గుమ్మం దగ్గరకే వినబడుతోంది. మిషను చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది కాదు. ఇది కొత్తది." ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "దారం... ఉందని... చెప్పింది పిల్ల."

"దారం తీసేశానమ్మా. కడిగాను."

"కడిగితే... ఏముంటది... ఇంక?"

దర్జీ నావైపు చూశాడు. అతని కళ్లలో అనుమానం కంటే భయమే ఎక్కువగా ఉంది. "నిజంగా అదేనా అన్నా? మార్చలేదు కదా?"

వృత్తిధర్మంగా కడిగినందుకు దొంగనయ్యాను. శుభ్రం చేసినట్టు సర్టిఫికెట్టు ఇవ్వగలను గానీ, హస్తవాసి ఉన్నట్టు ఎక్కణ్ణుంచి తేను? అప్పుడు గుర్తొచ్చింది. మిషనును తలకిందులు చేసి పిడి కింద చూపించాను.

"ఇదిగోనమ్మా. బాపట్ల వాళ్ల కుంకుమ. స్పిరిట్టు పెట్టి రుద్దినా పోలేదు."

ఆమె వేలితో ఆ మచ్చను తడిమింది. వేలు చూసుకుంది. రంగు అంటలేదు.

"ఆయన... బతికే ఉన్నాడా?"

"పేపరు చదువుతున్నాడమ్మా. నేను చూసినప్పుడు సినిమా పేజీలో ఉన్నాడు."

"మరి... మాస్కు?"

దీనికి జవాబు దర్జీ ఇంట్లోనే ఉంది. "మీవాడు కుట్టుమిషను ఒకటే పెట్టి ఊరందరికీ కుడతాడు కదమ్మా. అలాగని ఒకళ్ల జాకెట్టు ఇంకొకళ్లకి ఇస్తాడా?"

"ఇచ్చాడు... ఒకసారి," అందామె. "పండక్కి. ఇంటి మీదికొచ్చారు... ఆడవాళ్లు."

"అమ్మీ, ఆ సంగతి ఇప్పుడెందుకూ?" అన్నాడు దర్జీ.

ఆమె నవ్వబోయింది. దగ్గొచ్చింది. ఆ దగ్గు మధ్యలోనే మాస్కు తనే అందుకుని పెట్టుకుంది.

గిన్నెలో మందు పోసి స్విచ్చి వేశాను. మిషను బర్రుమంది. తెల్లటి పొగ ఆమె ముక్కు చుట్టూ చేరింది. కరెంటు పోతుందేమోనని ముగ్గురం బల్బు వైపు చూస్తూ కూర్చున్నాం. పోలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఈల సన్నబడింది. భుజాలు కిందికి దిగాయి. ఆమె వెనక్కి వాలింది, కూర్చుని కాదు, పడుకుని. దర్జీ బయటికెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాడు. మేమిద్దరం చూడనట్టే ఉన్నాం.

నేనూ అరుగు మీద కాసేపు కునుకు తీసినట్టున్నాను. లేచేసరికి కంచంలో అన్నం, గోంగూర పెట్టి ఉన్నాయి. చేతులు కడుక్కుని కూర్చుంటే ఆమె పక్క మీదనుంచే చూసి అడిగింది.

"ఆ చేతులేంటి నాయనా, ఊడొస్తున్నాయి?"

బ్లీచింగు వల్ల నా వేళ్ల చర్మం అప్పటికి చాన్నాళ్లుగా పొరలు పొరలుగా లేస్తోంది. ఇంట్లోవాళ్లు అలవాటుపడిపోయారు. నేనూ అంతే. "కడిగి కడిగి అమ్మా."

ఆమె కొడుకును పిలిచి కొబ్బరినూనె సీసా ఇప్పించింది. అన్నం తిన్నాక ఆమె చూస్తుండగా రెండు చేతులకూ రాసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా రాశానో లేదోనని వేళ్ల సందులు కూడా చూపించమంది.

తిరుగు రైల్లో నూనెకు చెయ్యి జారిపోతుందని ఏ కడ్డీ పట్టుకోలేక, తలుపు పక్కన గోడకానుకుని తెనాలి దాకా వచ్చాను. షాపులో బల్ల మీద చేబ్రోలు నుంచి వచ్చిన బీపీ మిషను ఉంది. దాని కింద పరిచిన పేపరు పచ్చగా తడిసింది. తొట్టిలో నీళ్లు పట్టాను. చేతుల నూనె ముందు కడుక్కోవాలి కదా, కడగబుద్ధి కాక కాసేపు ఆగాను.