ఓజెల్లా చేతిమీది తెల్లగుడ్డ

అలబామాలోని మా ఊరి చర్చి సంఘంలో ఆర్గాను వాయించేది నేను. ఆ బల్ల మీద కూర్చుంటే పాస్టరుగారికి కనబడని మొహాలు కూడా నాకు కనబడతాయి. ప్రసంగం మొదలవగానే ఎవరు కునుకు తీస్తారో, కానుకల పళ్ళెం దగ్గరికి రాగానే ఎవరు కళ్ళు మూసుకుని ప్రార్థనలో మునిగిపోతారో నాకు బాగా తెలుసు. చెప్పకూడదు గానీ వాళ్ళ పేర్లన్నీ నోటికి వచ్చు. అయినా వాయిస్తున్నంతసేపూ నా చూపు ఓజెల్లా మీదే ఉంటుంది.

ఓజెల్లా మా సంఘం నర్సు. సూదులు వేసే నర్సు కాదు. వారమంతా మా ఊరి బడి వంటింట్లో పిల్లలకి వండి పెడుతుంది. ఆదివారం మాత్రం తెల్ల గౌను, తెల్ల బూట్లు, తెల్లటి చేతితొడుగులు వేసుకుని ముందు వరుస పక్కన నిలబడుతుంది. పాట ఊపందుకుని ఎవరి మీదికైనా పరిశుద్ధాత్మ దిగితే వాళ్ళు ఎగిరి, ఊగి, చివరికి నేల మీద పడిపోతారు. తల బల్లకి తగలకుండా పట్టుకోవడం, విసనకర్రతో విసరడం, కాళ్ళ మీద తెల్లగుడ్డ కప్పడం మా నర్సుల పని. ఆ విసనకర్రలు అంత్యక్రియలు జరిపించే కంపెనీ వాళ్ళు ఊరికే ఇస్తారు. వెనకవైపు వాళ్ళ ఫోను నంబరు ఉంటుంది. ఓజెల్లా ఆ నంబరు తన వైపుకి తిప్పుకుని విసురుతుంది. "పడ్డవాళ్ళు కళ్ళు తెరవగానే అదా చూడాల్సింది?" అంటుంది.

ఆమె భర్త హోసియా మా పాటల బృందంలో మంద్రంగా పాడే గొంతు. ఆయనకి హైపర్‌టెన్షన్, అదే బీపీ, ఉందని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. ఆ జబ్బు పేరులోనే టెన్షన్ ఉంది గనక, మనసు చిరాగ్గా ఉన్న రోజే మాత్ర వేసుకోవాలని ఆయన అనుకున్నాడు. ఆయనే కాదు, అలబామాలో మా వాళ్ళు సగం మంది అలాగే అనుకుంటారు. హోసియా సహజంగా నెమ్మదస్తుడు. సీసా నిండుగానే ఉండేది.

ఒక ఉజ్జీవ కూడికలో పాట మధ్యలో హోసియా కుప్పకూలాడు. సంఘమంతా "స్తోత్రం!" అని కేకలు వేసింది. నేను ఇంకా జోరుగా వాయించాను. ఎన్నడూ ఆత్మలో ఊగని మనిషికి ఇన్నాళ్ళకి ఆ భాగ్యం కలిగిందని ఓజెల్లా మురిసిపోతూ, ఆయన మీద తెల్లగుడ్డ కప్పి, పక్కన కూర్చుని విసిరింది. పాట అయ్యాక చూస్తే మూతి ఒక పక్కకి వంగిపోయి ఉంది. మెదడులో నరం చిట్లిందట. మళ్ళీ ఆదివారానికి మేం ఆయన్ని పాతిపెట్టి వచ్చాం.

ఓజెల్లా నర్సు పని మానుతుందనుకున్నాం. మానలేదు. కానీ ఆ తర్వాత ఎవరి మీదా గుడ్డ కప్పలేదు. మడతపెట్టి చేతిమీద వేసుకుని నిలబడుతుంది. ఎవరైనా పడితే మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, మూతీ చేతులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి నవ్వమంటుంది, చేతులు ఎత్తమంటుంది. ఆత్మలో ఉన్నవాళ్ళకి అది ఒళ్ళు మండే పనే. ఆమె లెక్కచెయ్యదు. గుడ్డ కప్పే పని ఇంకో నర్సు చూసుకుంటుంది. ఎందుకు కప్పవని ఆమెని అడిగిన వాళ్ళు లేరు.

అప్పటినుంచి ఆమె పలకరింపు కూడా మారిపోయింది. దారిలో కనబడితే బాగున్నావా అని అడగదు, మాత్ర సంగతి అడుగుతుంది, "వేసుకున్నావా?" అంటుంది. వేళ్ళు వంకర్లు పోయి సీసా మూత తియ్యలేని ముసలమ్మకి మందుల షాపులో అడిగి తేలిగ్గా వచ్చే మూత పెట్టించింది. మాత్ర వేసుకుంటే రాత్రంతా పాయిఖానాకి లేవాల్సి వస్తోందని మానేసినాయన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళి, పొద్దున వేసుకునేలా మార్పించింది. మతిమరుపు వాళ్ళ సీసాలు కాఫీ డబ్బా పక్కకి చేరాయి. మా ఊళ్ళో మందు మర్చిపోయేవాళ్ళున్నారు గానీ కాఫీ మర్చిపోయేవాళ్ళు లేరు. "నాకు ఒంట్లో బాగానే ఉంది సిస్టర్" అని ఎవరైనా అంటే, "బాగున్నప్పుడు వేసుకునే మందే నాయనా అది. బాగోనప్పుడు వేసేవి వేరే ఉన్నాయి, అవి అంబులెన్సులో ఉంటాయి" అనేది.

ఊరందరి చేతా మింగించింది గానీ, సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆమె మాట చెల్లలేదు.

తమ్ముడి పేరు ఆమ్జీ. తల్లి పోయాక ఓజెల్లాయే ఎత్తుకుని పెంచింది. చాలా ఏళ్ళు దుంగల లారీ నడిపి, ఇప్పుడు మా సంఘంలో డీకన్‌గా, అంటే పాస్టరుగారికి తోడుండే పెద్దగా ఉన్నాడు. మంచివాడే, కాస్త బడాయి ఎక్కువ. అక్క పోరు పడలేక కొన్నాళ్ళు రోజూ మాత్ర వేసుకున్నాడు. ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు.

"బీపీ ఉంది, బతికినంతకాలం మాత్ర మింగాల్సిందే అన్నాడు డాక్టరు. మొన్న మందుల షాపులో మెషీన్‌లో చెయ్యి పెట్టి చూశాను. పసిపిల్లాడికి ఉన్నట్టుంది! దేవుడు నన్ను స్వస్థపరిచాడు! సీసా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశాను!"

సంఘం ఊగిపోయింది. నా వేళ్ళు కూడా ఊరుకోలేదు, అలవాటు మరి. ఓజెల్లా చేతిలో విసనకర్ర మాత్రం ఆగిపోయింది.

ఆమెకి కారు నడపడం రాదు. మధ్యాహ్నం నేనే ఆమ్జీ ఇంటికి తీసుకెళ్ళాను. వంటింట్లో కూర్చుని అక్కాతమ్ముళ్ళు మొదలుపెట్టారు.

"మాత్ర వేసుకుంటున్నావు గనకే మెషీన్ అలా చూపించిందిరా, మొద్దూ."

"నీకు విశ్వాసం తగ్గిందక్కా."

"నా విశ్వాసం సంగతి నువ్వు మాట్లాడకు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీకు ప్రార్థన నేర్పింది నేను."

"నేర్పావు. ఆయన బాగుచేస్తాడని చెప్పింది కూడా నువ్వే."

ఓజెల్లా కాసేపు బల్ల మీద ఉప్పు డబ్బాని అటూ ఇటూ జరిపింది. "అరణ్యంలో ఆకలిగొన్నవాళ్ళ కోసం ఆకాశం నుంచి మన్నా ఎన్నాళ్ళు కురిసింది?" అని అడిగింది.

"నలభై ఏళ్ళు. డీకన్‌నే పరీక్ష పెడతావా?"

"ఒక్కరోజు కడుపునిండా పెట్టేసి, ఇక ఆకలనేదే లేకుండా చెయ్యొచ్చుగా దేవుడు? చేశాడా? తెల్లారేసరికి మళ్ళీ కురిపించాడు. దాన్ని స్వస్థత అనరురా, కాపుదల అంటారు. బడిలో ఇన్నేళ్ళ నుంచి వండుతున్నాను. సోమవారం తిన్నాను గనక మంగళవారం నాకు అన్నం వద్దు అన్న పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు."

నేను ఫక్కున నవ్వాను. ఆమ్జీకి కూడా నవ్వొచ్చింది గానీ మింగేశాడు. చివరికి తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. "అదంతా సరే అక్కా. సంఘం ముందు నిలబడి స్వస్థత అన్నాను. ఇప్పుడు మళ్ళీ మాత్ర మింగితే నా సాక్ష్యం అబద్ధమైపోదూ? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఓజెల్లా ఉప్పు డబ్బాని బల్ల మధ్యకి తోసి లేచింది. కారెక్కాక నేను నోరు ఊరుకోక, "పీచ్ కాబ్లర్ మిఠాయంటే పడి చస్తాడుగా, అందులో మాత్ర పొడి చేసి కలిపెయ్యరాదూ?" అన్నాను.

"ఛీ, ఊరుకో వర్నీస్. వాడికి తెలియకుండా వాడి ఒంట్లోకి మందు పెడతానా? రేపు నేను పోతే ఎవరు కలుపుతారు? వాడి చెయ్యే వాడి నోటి దగ్గరికి వెళ్ళాలి" అంది. ఆ తర్వాత ఇంటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చింది.

మర్నాడు మందుల షాపులో ఆమ్జీ పేరున మళ్ళీ సీసా తీసుకుంది. దాన్ని తెల్ల గౌను జేబులో వేసుకుని గుడికి వచ్చేది. అడుగేస్తే గలగలమనేది. నిశ్శబ్ద ప్రార్థనలో కూడా వినబడేది. ఆమ్జీ విననట్టు పైకప్పు కేసి చూసేవాడు.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం పాట మంచి పట్టులో ఉంది. ఆమ్జీ లేచాడు, గంతులేశాడు, చేతులు పైకెత్తి తిరిగి తిరిగి దబ్బున పడ్డాడు. జనం "స్తోత్రం!" అని లేచారు. నేను వాయిస్తూనే ఉన్నాను. ఓజెల్లా నా వైపు తిరిగి, తెల్ల తొడుగు ఉన్న పిడికిలి పైకి ఎత్తింది. ఆపెయ్యమని.

ఆత్మ దిగిన వేళ మా గుళ్ళో ఆర్గాను ఆపరు. పాస్టరుగారు చెప్పినా ఆపరు. నేను ఆపేశాను.

అంత గుళ్ళో చప్పుడు లేదు. ఓజెల్లా మోకాళ్ళ మీద కూలబడి తమ్ముడి మొహం పట్టుకుంది. "ఆమ్జీ, నవ్వరా. ఒక్కసారి నవ్వి చూపించు. చేతులెత్తరా. నవ్వరా నాన్నా!"

ఆమ్జీ ఒక కన్ను తెరిచాడు. "ఏంటక్కా ఇది? నాకేం కాలేదు. ఆత్మలో ఉన్నాను!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒకామె విసుక్కుంది. నాకైతే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఓజెల్లా మాత్రం మొహం వదల్లేదు.

"హోసియా కూడా ఇలాగే పడ్డాడు" అంది ఆమె, గుడి మొత్తానికి వినబడేలా. "గుడ్డ కప్పానురా. నా చేత్తో నేనే గుడ్డ కప్పి, సంతోషంగా విసురుతూ కూర్చున్నాను."

ఆ మాట ఆమె నోట అంతకుముందు ఎవరూ వినలేదు. ఆమ్జీ లేచి కూర్చున్నాడు. అక్క మొహంలోకి చూశాడు. బడాయి పోయింది, డీకన్ పోయాడు, ఆమె పెంచిన పిల్లాడు మిగిలాడు. చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ గలగలమనేది ఇలా ఇవ్వు."

పాస్టరుగారి కోసం పెట్టిన నీళ్ళగ్లాసు ఎవరో అందించారు. అందరూ చూస్తుండగా మాత్ర వేసుకుని లేచి నిలబడ్డాడు. "ఆవేళ ఒక్క మాట తప్పు చెప్పాను. స్వస్థపరిచాడు అన్నాను. కాపాడుతున్నాడు అనాలి. స్వస్థత అయితే ఒకసారి చెప్పి కూర్చోవచ్చు. కాపుదల అలా కాదు, రోజూ పొద్దున్నే అందుకోవాలి. మా అక్క చెప్పింది." పాస్టరుగారు ఆమెన్ అన్నారు. నేను మీటలన్నీ ఒక్కసారి నొక్కాను.

సోమవారం క్లినిక్‌లో చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. ఆత్మ వచ్చిన మాట నిజమే, అక్క భయం కూడా నిజమే. డాక్టరు మందు కాస్త మార్చాడు, ఆమ్జీ మారు మాట్లాడలేదు. ఇప్పుడు మా సంఘంలో "కాపుదలలో ఉన్నావా?" అని అడిగితే ఉదయం మాత్ర వేసుకున్నావా అని అర్థం. కొత్తవాళ్ళు మమ్మల్ని మహా భక్తిపరులనుకుంటారు.

మొన్న ఆదివారం ఆమ్జీ మళ్ళీ పడ్డాడు. ఓజెల్లా వంగి మొహం పట్టుకుంది. నేను ఆపేద్దామని వేళ్ళు సగం పైకి లేపి ఆమెకేసే చూస్తున్నాను. ఆమె తమ్ముడి చెవిలో ఏదో అడిగింది. ఆమ్జీ కళ్ళు మూసుకునే నవ్వాడు, తలూపాడు. ఓజెల్లా చేతిమీది తెల్లగుడ్డ తీసి, మడత విప్పి, తమ్ముడి మీద మెల్లగా కప్పింది. తర్వాత నా వైపు తిరిగి, వాయించమని చెయ్యి ఊపింది.