గోధుమల వెనక పోసిన జొన్నలు

ఆ రోజుల్లో జహీరాబాద్‌లో నా పిండి గిర్ని ఒక్క పూట ఆగితే ఊరు పస్తుండేది. అటు ఝరాసంగం నుంచి, ఇటు రాయికోడ్ నుంచి జనం డబ్బాలు మోసుకొని నా పిండి కోసమే వచ్చేవారు. (ఊళ్లో ఇంకో నాలుగు గిర్నీలుండేవి. నాదన్నది కూడా నాన్నది. ఆయనకు మోకాళ్లు పట్టేస్తే నేను నిలబడ్డాను.) పాతికేళ్ల వయసు, కనురెప్పల దాకా పిండి, ఆ పిండి కిందంతా గర్వం. గొప్పలు చెప్పుకుంటే పోయేదేముంది, మహా అయితే నలుగురు నవ్వుతారు అనుకునేవాణ్ణి. ఆ గొప్పలు ఇంకొకరి వీపు మీద పడతాయని పిట్ట వల్ల తెలిసింది.

పిట్ట మా అక్క కూతురు. తొమ్మిదేళ్లొచ్చినా ఆరేళ్ల పిల్లలా ఉండేది, అందుకే ఆ పేరు. చేతులు పుల్లల్లా, కడుపు మాత్రం ఉబ్బి, తిన్నది నిలవక పోయేది. బావకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని దొరికినప్పటి నుంచి అక్క ఇంట్లో జొన్నరొట్టె పోయి చపాతీ వచ్చింది (జీతగాళ్లు జొన్నరొట్టె తినడమేందని అక్కకు నామోషీ). "ఎంత పెట్టినా దీని ఒంటికి పడుతలేదేందిరా!" అంటూ ఇంకో చపాతీ వేసేది. పిట్ట ఇంకా చిక్కిపోయేది. చివరికి హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ నోట్లోంచి సన్నటి గొట్టం వేసి, పేగు ముక్క తీసి పరీక్ష చేయించి, "గోధుమ పడదు, జన్మలో ముట్టొద్దు. జొన్నలు తినొచ్చు" అంది. అక్క ఏడ్చింది. నేను ఛాతీ విరిచి, "ఫికర్ చెయ్యకక్కా, దాని పిండి నా జిమ్మేదారి" అన్నాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. గోధుమలకు గిర్ని రాళ్లు దగ్గరికి బిగిస్తే పిండి మెత్తగా దిగుతుంది, జొన్నలకు కొంచెం వదులు చేస్తాం. పిట్ట రొట్టె మెత్తగా ఉండాలని, ఎవరి గోధుమలైనా అయిపోగానే రాళ్లు వదులు చేయకుండా ఆ వెనకే దాని జొన్నలు పోసేవాణ్ణి. ముందరివాళ్ల పిండి పిడికెడు రాళ్ల మధ్య మిగిలి వెనకవాళ్ల డబ్బాలో పడడం ఏ గిర్నీలోనైనా మామూలే. "నాది జర నీకు, నీది జర ఇంకొగలకు" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

మూడు నెలలైనా పిట్ట కోలుకోలేదు. దొంగచాటుగా ఏదో తింటోందని అక్క అనుమానం. కనిపెట్టే పని నేను మీదేసుకున్నాను. బడి సంచి వెతికితే చింతకాయలు, బలపం ముక్కలు దొరికాయి. ఒక సాయంత్రం బేకరీ ముందు నిలబడి, అద్దం వెనక బన్నుల్ని చూస్తూ కనబడింది. చూసింది, వెళ్లిపోయింది. నేను అక్కకు చెప్పింది వేరు: "మూతికి బన్ను పొడి ఉండెనక్కా. నన్ను చూడంగనే తుడుసుకుంది." (పొడీ లేదు, ఏమీ లేదు. ఉత్త చేతులతో తిరిగొస్తే నా పరువేం గాను?) అక్క దాని వీపు మీద నాలుగు వేసింది. "తినలేదమ్మా, ఉత్తగ చూసిన" అంది పిట్ట. నాకు అప్పుడే మోటారు బెల్టు గుర్తొచ్చి గిర్నీకి వెళ్లిపోయాను.

మళ్లీ హైదరాబాద్, మళ్లీ గొట్టం. "లోపలి పొర మానలేదు" అంటూ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "పేగు లోపల తువ్వాలు మీద ఉన్నట్టు నూగుంటుంది. తిన్నదాని సారం పీల్చేది అదే. ఒంట్లో రోగాల్ని తరిమే కావలి కణాలుంటాయి కదా, ఈ పిల్లలో అవి గోధుమ జిగురును శత్రువనుకొని, ఒకదాన్నొకటి పిలుచుకొని మీద పడతాయి. ఆ కొట్లాటలో నూగు చదునైపోతుంది." అక్క నావైపు చూస్తే విడమరిచాను: "చేన్ల పంది సొచ్చిందని కావలోల్లు కట్టెలు పట్టుకొని ఉరికిన్రనుకో. పందిని తరిమేటందుకు పోయి పంటంత ఆల్లే తొక్కిన్రు. గట్ల." డాక్టరమ్మ మెచ్చుకోలుగా తలూపింది. (ఊపలేదు. కాగితమే చూస్తోంది.)

"మరి గోధుమలు బంద్ చేస్తిమి గద మేడం?" అంది అక్క.

"చిటికెడు చాలమ్మా. జొన్నపిండి ఎక్కడ పట్టిస్తరు? ఆ గిర్నీలో గోధుమలు కూడా పడతరా?"

అక్కడికక్కడే లేచి తప్పు ఒప్పుకున్నానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఫ్యాను వంక చూస్తూ, "దాని పిండి అలగ్ పడుత మేడం, గోధుమలతోని కలువది" అన్నాను. "అయితే పిల్ల ఎక్కడో తింటోంది" అందావిడ.

బస్సు సదాశివపేట దాటింది. "నిజం చెప్పే, ఏడ తింటున్నవ్? పానం పోతదే నీది!" అని అక్క దాని జబ్బ పట్టుకొని ఊపుతోంది. పిట్ట ఏడవలేదు. "మామను అడుగమ్మా. మామ చూసిండు గద" అంది. ఎత్తిపొడుపు కాదు. తనకు తెలియకుండానే తిన్నదేమో, మామ చూశాడంటే నిజమేనేమో అన్నట్టు, నా మొహంలోకి చూస్తూ అంది.

"అది తినలేదక్కా" అన్నాను. "బన్ను ముచ్చట అబద్ధం. గోధుమల వెనకనే దాని జొన్నలు పోసిన. నేనే తినిపిచ్చిన."

అక్క టిఫిన్ డబ్బాతో మొదలుపెట్టి చెప్పు దాకా వచ్చింది. కండక్టర్ వచ్చి "అమ్మా, జర ఆగు, ఇంటికి పొయినంక కొట్టుకో" అన్నాడు. పిట్ట మధ్యలో దూరి, "కొట్టకే, మామ తెల్వక పోసిండు" అంది. (జొన్నలు తెలియకే పోశాను. బన్ను మాట తెలిసే అన్నాను. ఆ రెండోదాని ఊసే అది ఎత్తలేదు.)

గిర్నీలో గాలి నిండా గోధుమ పిండే. అందుకని మర్నాటి నుంచి స్నానం చేసి, బట్టలు మార్చి, అక్క ఇంటి అరుగు మీద ఇసుర్రాయి ముందు కూర్చున్నాను. "ఏంరో, ఊరికంత కరెంటుంది, నీకే పాయెనా?" అని దారిన పోయేవాళ్లు. ఆరు నెలల్లో పిట్ట బుగ్గలు నిండాయి. క్వింటాళ్ల కొద్దీ విసిరానని, దాంతో కుడి భుజం పోయిందని చెప్పుకుంటుంటాను. (రోజుకు రెండు సోలలు. సగం పిట్టే, నా చేతి మీద చెయ్యేసి విసిరేది.)

ఇప్పుడు పిట్టకు నలభై దాటాయి, నాకంటే పొడుగు. వచ్చినప్పుడల్లా "భుజం ఎట్లుంది మామా?" అని బామ్ తీసి రుద్దుతుంది, నేను "అబ్బా" అంటాను. ఆ నొప్పి తగ్గి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట చెబుదామనే అనుకుంటాను, కానీ దాని చెయ్యి వెచ్చగా ఉంటుంది. మొన్న మరిచిపోయి ఎడమ భుజం చూపించాను. పిట్ట నా కుడి భుజం వంక ఒకసారి చూసి, ఎడమదే రుద్దింది.