కారణం గడి ఖాళీగా ఉంచిన కౌసల్య

మా బిల్డింగులో అందరి పార్సెళ్లూ కౌసల్యక్క ఇంటికే వచ్చేవి. జర్మనీలో మనం ఇంట్లో లేకపోతే పోస్టతను సామాను పక్కింట్లో ఇచ్చి, మన డబ్బాలో చీటీ వేసి పోతాడు. అక్కది ఇంటి నుంచి ఉద్యోగం. పన్నెండు వాటాల ఇంట్లో పగటిపూట తలుపు తీసే మనిషి ఆమె ఒక్కతే. ఒకసారి ఎవరిదో గాజు సామాను పగిలి వస్తే, వాళ్లు ఈమెను అదోలా చూశారట. ఆనాటి నుంచి ప్రతి పెట్టెకూ ముందూ వెనకా ఫోటో తీయనిదే లోపలికి తీసుకునేది కాదు.

ఆమెది కరీంనగర్. నలభై ఆరేళ్లు. పదకొండేళ్ల కిందట బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఈ కార్ల్స్‌రూహె ఊరికి వచ్చింది. ఒంటరిగా ఉంటుంది. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. తప్పు దొరికితే ఒక ఫారం నింపాలి, అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. రుజువు దొరికేదాకా ఆ గడిలో ఒక్క అక్షరం రాయదు. ఏదో ఒకటి రాసి పంపమని మేనేజరు మూడు రోజులు వెంటపడినా ఖాళీగానే పంపిందట. అంత మొండి మనిషి.

ధీరజ్, నేను మాస్టర్స్ కోసం మార్చిలో వచ్చి ఆ ఇంట్లో పై అంతస్తులో దిగాం. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున మా తలుపు గడియకు ఒక చెక్క బోర్డు వేలాడుతోంది. దాని మీద చీపురు బొమ్మ, ఏవో అక్షరాలు. కొత్తగా వచ్చాం కదా, ఓనరు ముచ్చటపడి ఇచ్చి ఉంటాడన్నాను నేను. ధీరజ్ దాన్ని భక్తిగా లోపలికి తెచ్చి, వెంకటేశ్వరస్వామి పటం పక్కన మేకుకు తగిలించాడు. నిజానికి అది మెట్లు ఊడ్చే వంతు బోర్డు. ఎవరి తలుపుకుంటే ఆ వారం వాళ్లు ఊడ్చి, ఆదివారం పక్క తలుపుకు తగిలించాలి. బోర్డు మా దేవుడి దగ్గర ఉండిపోయింది, మెట్లు మూడు వారాలు ఊడ్చే దిక్కు లేక పడి ఉన్నాయి.

నాలుగో వారం రెండో అంతస్తు మనిషి వచ్చి తలుపు బాదాడు. అతని పేరు నేను రాయను. పేపర్లు చాలినన్ని సార్లు రాశాయి. తలుపు తీసింది ధీరజ్. ఆ మనిషి ముఖం ఎర్రగా చేసుకొని పది నిమిషాలు అరిచాడు. మాకు సగం కూడా అర్థం కాలేదు. గోడ మీది బోర్డు చూపించి మళ్లీ అరిచాడు. అప్పుడు వెలిగింది మాకు. ధీరజ్ సారీలు చెప్పుకుంటూ మెట్లన్నీ ఊడ్చి తడిబట్ట కూడా పెట్టాడు.

సరిగ్గా పది రోజులకు, జూన్‌లో ఒక శనివారం, ఆ మనిషి ట్రామ్‌లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊరికి వెళ్లాడు. కూరగాయల సంతలో కాల్పులు జరిపాడు. ముగ్గురు చనిపోయారు. చివరి గుండుతో తననే కాల్చుకున్నాడు.

ఇక కారణాల సంత మొదలైంది. ఉద్యోగం పోయిందని ఒక పేపరు, పెళ్లాం వదిలేసిందని ఇంకో పేపరు. మన తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులోనైతే ఎండ తగలక మెదడు చెడిపోయిందని ఒకరు, శని మహర్దశ అని ఒకరు. అతని జాతకం వీళ్ల చేతికి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. ఇంతలో మా బిల్డింగులో ఎవరో విలేకరికి మెట్ల గొడవ చెప్పారు. మర్నాడు పేపర్లో వచ్చింది: పై అంతస్తు విదేశీ విద్యార్థులతో తగాదా అతన్ని రెచ్చగొట్టిందా? ప్రశ్న గుర్తు పెట్టారు కాబట్టి వాళ్ల చేతులు శుభ్రం. బిల్డింగు వాళ్లకూ ఆ కారణం బాగా నచ్చింది. కింద ఉండే ఫ్రావ్ బ్రెన్నర్ అనే పెద్దావిడ, సెప్టెంబరుతో అయిపోయే మా కాంట్రాక్టు పొడిగించవద్దని ఓనరుకు ఉత్తరం రాసి, సంతకాలకు మీటింగు పెట్టింది.

నాకు కోపం వచ్చింది. ధీరజ్‌కు రాలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు ఆ పేపరు ముక్కను కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. క్లాసులు మానేశాడు. తిండి మానేశాడు. చదువు వదిలేసి ఇంటికి పోవడానికి టికెట్ కూడా తీసుకున్నాడు. భయపడి నేను అక్కను పైకి పిలుచుకొచ్చాను.

"బోర్డు ఆడనే ఉంచితే ఆ ముగ్గురు బతికేటోళ్లక్కా. నా వల్లనే అయింది" అన్నాడు.

అక్క ఓదార్చలేదు. కుర్చీ లాక్కొని వాడి ఎదురుగా కూర్చుంది. "ఇది తెలుసుకొని చెప్తున్నవా, అనుకొని చెప్తున్నవా?" అని అడిగింది. "అనుకున్నదైతే నాకొద్దు. రెండు రోజులు ఆగు" అని లేచిపోయింది.

ఇంటికి వెళ్లి ఫోన్‌లో ఫోటోలన్నీ వెనక్కి తిప్పిందట. నిరుటి అక్టోబరులో ఒక పెద్ద పెట్టె, రెండో అంతస్తు మనిషి పేరు మీద వచ్చింది. పంపింది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు అమ్మే దుకాణం. సంతలో అతను అలాంటి జాకెట్ వేసుకున్నాడని అన్ని పేపర్లూ రాశాయి. ఆ పెట్టె ఎదురుగా పెట్టుకొని ఫోటో తీసినప్పుడు అక్క దాని మీది పేరు తప్ప మరేదీ చదవలేదు. సాయంత్రం అతను వస్తే నవ్వుతూ చేతికిచ్చింది. అతను కూడా చక్కగా థాంక్స్ చెప్పి వెళ్లాడట.

ఆ రాత్రి ఆ ఫోటోను మూసి, మళ్లీ తెరిచి ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదని అక్క తర్వాత నాతో చెప్పింది.

మా తెలుగు సంఘం పెద్ద వెంకటేశ్వర రావు గారు రాజమండ్రి వైపు మనిషి, మంచివాడు. అక్క పౌరసత్వం దరఖాస్తు ఆఫీసులో ఉంది, టెర్మిన్, అంటే వాళ్లు రమ్మన్న తేదీ, వచ్చే నెలే. "కొరివితో తల గోక్కుంటావేంటమ్మా కౌసల్యా? నిన్నెవరూ అడగలేదు కదా. ఆ ఫోటో తీసేసి ఊరుకో" అన్నారు. అక్క ఆయనకు కాఫీ ఇచ్చి, పిల్లవాడు మునిగిపోతుంటే తన టెర్మిన్ చూసుకోవడం తన వల్ల కాదని చెప్పింది. మర్నాడు సెలవు పెట్టి పోలీసుల దగ్గరికి వెళ్లింది. వాళ్లు ఫోటో తీసుకొని, నాలుగు గంటలు ప్రశ్నలడిగి పంపారు. వారం తర్వాత వాళ్లే ఫోన్ చేశారు. జాకెట్ అదే. సంత జరిగే చోటు పటం గీసుకున్న కాగితం కూడా అతని ఇంట్లో దొరికిందట, దాని మీది తేదీ నవంబరు. ఎందుకు చేశాడో మాత్రం ఇంకా తేలలేదన్నారు. ఈ తేదీలు బిల్డింగు వాళ్లకు చెప్పవచ్చా అని అడిగి అక్క ఒప్పించుకుంది.

మీటింగు పెరట్లో జరిగింది. ధీరజ్ నేల చూస్తూ కూర్చున్నాడు. ఉత్తరం చదవడం అయ్యాక అక్క లేచి నిలబడింది. ఆమె జర్మన్‌లో వ్యాకరణం తక్కువ, గొంతు ఎక్కువ.

"ఆ జాకెట్ అక్టోబరులో వచ్చింది. అతని చేతికిచ్చింది నేను. నవంబరులో చోటు చూసుకున్నాడు. ఈ పిల్లలు ఈ దేశంలో దిగింది మార్చిలో. ఎవరినైనా పంపాలనుకుంటే ముందు నా పేరు రాయండి."

తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, పంచుకోవడానికి తమంత తాము ముందుకొచ్చిన వాళ్లను నేను అంతకుముందు చూడలేదు. ఫ్రావ్ బ్రెన్నర్ అక్క వైపు తిరిగింది. తనకు ఆ మనిషి నెలకోసారి బజారు సామాను మోసి పెట్టేవాడని, తాను అతన్ని దీవించేదాన్నని నెమ్మదిగా చెప్పింది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. సంతకాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ పోయాక ధీరజ్ అక్క దగ్గరికి వచ్చాడు.

"మరి ఎందుకు చేసిండక్కా?"

"నాకు తెల్వదు తమ్మీ. పోలీసోళ్లకు ఎన్నటికన్న తెలుస్తదేమో, తెల్వదేమో. తెల్వని దానికి నీ పేరు మాత్రం రాయనియ్య."

ఆ ఆదివారం ముగ్గురం ట్రామ్ ఎక్కి ఆ ఊరికి వెళ్లాం. వెళ్దామన్నది ధీరజే. చౌక్‌లో పూలు, దీపాలు, మూడు ఫోటోలు ఉన్నాయి. ధీరజ్ చాలాసేపు వాటి ముందు నిలబడ్డాడు. నెల రోజులుగా నేను, నా వల్ల, నేనే అని తప్ప వాడి నోట వేరే మాట లేదు. పేపరు ముక్కను వందసార్లు చదివాడు గానీ, చనిపోయిన వాళ్ల పేర్లు ఒక్కసారి కూడా చదవలేదు. ఇప్పుడు వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. రోజ్‌విత. ఎమినె. మూడో పేరుకు నోరు తిరగలేదు.

"దీన్ని ఎట్ల పలకాలె అక్కా?" అని అడిగాడు.

యోర్గ్ అని చెప్పింది అక్క. వాడు రెండుసార్లు తప్పు పలికాడు. మూడోసారి సరిగ్గా పలికి, వెక్కి వెక్కి ఏడ్చాడు.