గీత పడ్డ చోట అమ్మ చెప్పిన కథ

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. లోకంలో పట్టుకంటే మెత్తనిది లేదని ఆయన నమ్మకం. కళ్లద్దాలు, దేవుడి పటాలు, ఆఖరికి సైకిల్ బెల్లు కూడా పట్టు పీలికతోనే తుడిచేవాడు. హిందూపురం బస్టాండు పక్క అంగట్లో కొనుక్కొచ్చిన సినిమా డిస్కునూ అలాగే తుడిచాడు. ఆ పీలిక చీర అంచులోంచి కత్తిరించిందని, అందులో జరీ ఉందని చూసుకోలేదు. డిస్కు మీద గీత పడింది. జరీ వల్లేనని అమ్మ ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇంట్లో ఇంకా డిస్కులుండేవి గానీ అమ్మకు ఇష్టమైంది అదొక్కటే. అమావాస్యకు మా మగ్గానికి సెలవు. ఆ రోజు అన్నాలు తిన్నాక ఆ సినిమా పెట్టాల్సిందే. కథ పెద్దదేం కాదు. ఇంట్లో వద్దన్న పెళ్లి చేసుకున్న కూతురు మొగుడితో ఊరు విడిచి పోతుంది. ఇంటి ఎదురుగా ఆగిన బస్సు ఎక్కబోతుండగా బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి ఆమె పట్నంలో పొయ్యి ముందు కూర్చుని ఉండేది.

మధ్యలో పోయిన ముక్క అమ్మ చెప్పేది. పెళ్లికి ముందు పెనుకొండ టాకీసులో చూశాననేది. కూతురితో మాట మానేసిన తండ్రి, బస్సు కదిలే ముందు పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి బొరుగుల పొట్లం అందిస్తాడట. "ఆకలైతే తిను పాపా. కోపం నాది, దానికి నువ్వెందుకు పస్తుండాల?" అంటాడట. అది చెప్పేటప్పుడు అమ్మ మా వైపు చూసేది కాదు. ఆ తండ్రి పరుగెత్తడం కళ్లారా చూడాలని నాకు ఎంత ఆశగా ఉండేదో! ఆ గీతను, నాయన పట్టు పీలికను కలిపి తిట్టుకునేదాన్ని.

అమ్మ పోయి మూడేళ్లయింది. డిస్కులు తిప్పే మిషను అంతకు ముందే మూలపడింది. ఇప్పుడు టీవీకి ఇంటర్నెట్ ఉంది, పేరు నోటితో చెబితే సినిమా వస్తుంది. కొనే పని లేదు, తుడిచే పని లేదు. మొన్న అమావాస్యకు అందులో ఆ సినిమా కనబడింది. పెట్టి, నాయన పక్కన కూర్చున్నాను. బస్సు వచ్చేసరికి ముందుకు జరిగి కూర్చున్నాను. బొమ్మ ఆగలేదు. తండ్రి గడపలో నిలబడి కూతుర్ని చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. తలుపేసుకున్నాడు. బస్సు పోయింది. అంతే.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఎదురుచూసింది దీనికా? అమ్మ ఎందుకలా చెప్పిందని నాయనను అడిగాను.

"మీయమ్మ దాన్ని టాకీసులో యాడ చూసింది? నన్ను పెండ్లి చేసుకొని వాళ్లూరు రొద్దంలో బస్సెక్కినప్పుడు వాళ్ల నాయన ఇట్లే తలుపేసుకున్యాడు" అన్నాడు.

అమ్మను కన్న ఆ తాత మా గడప ఎన్నడూ తొక్కలేదని నాకు తెలుసు. ఎందుకని మాత్రం ఒక్కసారీ అమ్మను అడగలేదు. టీవీలో సినిమా ఏ అడ్డూ లేకుండా సాగిపోతూనే ఉంది. నాకా సినిమా వద్దనిపించింది. ఆ గీత కావాలనిపించింది. గీత దగ్గర మొదలయ్యే అమ్మ గొంతు కావాలనిపించింది.

"ఎనక్కి పోయి బస్సు కాడ నిలుపు. మీయమ్మ చెప్పినట్ల నువ్వు చెప్పు" అన్నాడు నాయన.

నిలిపాను. తండ్రి పరుగు, కిటికీ, పొట్లం, ఆ మాట, అన్నీ చెప్పాను. నాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"బొరుగుల్లో బెల్లంముక్క మర్సిపోయినావు" అన్నాడు.

నిజమే, అమ్మ ఒక్కసారి కూడా మరిచేది కాదు. మళ్లీ మొదటినుంచి, ఈసారి బెల్లంముక్క వేసి చెప్పాను.